1,84,46,74,40,73,70,95,51,615

ఇది ఇరవై అంకెల పూర్ణ సంఖ్య. రెండు అరవై నాలుగో ఘాతానికి ఒకటి తక్కువ, అంటే 2⁶⁴ − 1. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్లలో కలిపి పడే గింజలు ఇన్ని. కోట్లలో చదవాలంటే 1,84,467 కోట్ల కోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615. తొమ్మిదో శతాబ్దంలో గణితసారసంగ్రహం రాసిన మహావీరాచార్యుడు ఒకట్ల నుంచి మహాక్షోభం దాకా ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. ఆ వరుసలో ఇరవయ్యో స్థానం మహాశంఖం. ఆ లెక్కన ఈ సంఖ్య ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలతో మొదలవుతుంది.

దీన్ని గురించి ఎక్కువగా వినిపించేది ఇది ఎంత పెద్దదో చెప్పే కథలే. నిజానికి పెద్దదనంలో విశేషం లేదు, ఇంకా పెద్దది కావాలంటే ఒకటి కలిపితే సరిపోతుంది. విశేషమంతా లోపలి కట్టడంలో ఉంది. రెండును ఎన్నో ఘాతానికి ఎత్తామో ఆ 64 కూడా రెండు ఘాతమే (2⁶). కింద చెప్పబోయే ధర్మాల్లో చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచి పుట్టినవే.

పద్యంలో ఇరవై అంకెలు

తెలుగులో ఈ సంఖ్యకు పాత ఉనికి ఉంది. మహావీరుడి గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన ఒక చంపకమాల పద్యం ఈ ఇరవై అంకెలనూ భూతసంఖ్యల్లో చెబుతుంది. మల్లన నన్నయ కాలం వాడని ఒక వాదం, కొంత తరువాతి వాడని మరో వాదం. భూతసంఖ్యా పద్ధతిలో అంకెకు బదులు దాన్ని గుర్తుచేసే వస్తువు పేరు వాడతారు. ఆకాశం సున్న, చంద్రుడు ఒకటి, అగ్ని మూడు, బాణం ఐదు, ఏనుగు ఎనిమిది. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు చెప్పుకుంటూ పోవడం ఆచారం. కాబట్టి పద్యం బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది.

ఆ పద్యాన్ని విప్పి సరిచూస్తే ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. సంఖ్యలో ఏడు మూడుచోట్ల వస్తుంది. కవి మూడుచోట్లా కొండనే వాడాడు, పేరు మాత్రం మూడుసార్లూ మార్చాడు. నాలుగు నాలుగుచోట్ల వస్తుంది. అక్కడ సముద్రం రెండుసార్లు, వేదాలు ఒకసారి, బ్రహ్మ ముఖాలు ఒకసారి. గణాలూ యతిప్రాసలూ తప్పకుండా ఇరవై అంకెలను వరుసగా కూర్చడం చిన్న పని కాదు. తాటాకుల కాలంలో అంకెలుగా రాసిన సంఖ్య కంటే ఛందస్సులో బిగించిన సంఖ్యే చెడకుండా నిలిచే అవకాశం ఎక్కువ. ఇంకో తమాషా ఏమిటంటే, రెండును రెట్టించి రెట్టించి తెచ్చిన ఈ సంఖ్యలో రెండు అనే అంకె ఎక్కడా లేదు. తక్కిన తొమ్మిది అంకెలూ ఉన్నాయి.

మల్లనకు ముందే, క్రీ.శ. 1000 ప్రాంతంలో, అల్ బిరూనీ ప్రాచీన జాతుల కాలగణన మీద రాసిన గ్రంథంలో ఇదే సంఖ్యను కచ్చితంగా లెక్కకట్టాడు. చదరంగాన్ని కనిపెట్టినవాడు రాజును గింజలు అడిగిన కథను పదమూడో శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు. 1202 నాటి ఫిబొనాచీ అంకగణిత గ్రంథంలోనూ చదరంగపు లెక్క ఉంది. డాంటే తన కావ్యంలో దేవదూతలు ఎంతమందో చెప్పడానికి గళ్ల రెట్టింపునే వాడుకున్నాడు. రాజు పేరు, పండితుడి పేరు, ధాన్యం చోటునుబట్టి మారుతుంటాయి, లెక్క మాత్రం మారదు.

కూడకుండానే మొత్తం

అరవై నాలుగు గళ్ల గింజలను ఒక్కొక్కటిగా కూడనక్కర్లేదు. గళ్లలో గింజలు పెట్టక ముందే ఒక గింజ పక్కన దాచి ఉంచామనుకుందాం. మొదటి గడిలో ఉన్న ఒక గింజకు దాన్ని కలిపితే రెండవుతాయి. రెండో గడిలో రెండున్నాయి, కలిపితే నాలుగు. మూడో గడిలోని నాలుగుతో ఎనిమిది. ఇలా ప్రతి గడి దగ్గరా చేతిలో ఉన్నదీ గడిలో ఉన్నదీ సమానమై మొత్తం రెట్టింపవుతుంది. అరవై నాలుగో గడి దాటేసరికి చేతిలో 2⁶⁴ గింజలు. దాచిన గింజ తీసేస్తే మన సంఖ్య. గుణశ్రేఢి మొత్తానికి బడిలో నేర్పే సూత్రం ఇదే పని చేస్తుంది. ప్రతి గడిలోనూ దాని ముందున్న గళ్లన్నిటి మొత్తం కంటే సరిగ్గా ఒక గింజ ఎక్కువ ఉంటుందని దీని నుంచే తేలుతుంది.

2⁶⁴ రాబట్టడానికి అరవై నాలుగు రెట్టింపులూ అక్కర్లేదు, ఆరు వర్గాలు చాలు: 2, 4, 16, 256, 65,536, తరువాత 4,29,49,67,296, దాని వర్గమే 2⁶⁴. ఈ ఉపాయం పింగళుడి ఛందఃసూత్రాల్లోనే కనిపిస్తుంది. ఇన్ని అక్షరాల పాదానికి గురులఘువుల అమరికలు ఎన్ని అనే ప్రశ్నకు జవాబు రెండు ఘాతం. అక్షరాల సంఖ్య సరి అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తియ్యి అంటూ వెళ్లి, తిరుగుదారిలో వర్గం చేస్తూ రెట్టిస్తూ రమ్మంటాడు. ఈనాటి రహస్య సంకేత ప్రోగ్రాములు పెద్ద ఘాతాలను లెక్కకట్టేది ఈ పద్ధతిలోనే.

పరిమాణం గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేద్దాం. వెయ్యి బియ్యపు గింజలు సుమారు 20 గ్రాములు తూగుతాయనుకుంటే మొదటి సగం బల్ల మీద, అంటే 32 గళ్లలో, పడేది 86 టన్నులు. కొన్ని లారీల సరుకు, ఏ రాజయినా ఇవ్వగలడు. రెండో సగం దానికి 429 కోట్ల రెట్లకు పైనే. మొత్తం దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు కాబట్టి ఇది సుమారు ఏడు వందల ఏళ్ల పంట.

ఏడు ప్రధాన కారణాంకాలు

రెండు వర్గాల భేదాన్ని మొత్తం, భేదాల లబ్ధంగా రాయవచ్చునన్నది తొమ్మిదో తరగతి పాఠం. 2⁶⁴ − 1 మీద దాన్ని వాడితే (2³² + 1)(2³² − 1) వస్తుంది. రెండో ముక్క మళ్లీ అదే రూపంలో ఉంది కనుక మళ్లీ విడదీయవచ్చు. 64 ను ఆగకుండా సగం చేసుకుంటూ పోగలం కాబట్టి ఈ విడదీత చివరి దాకా సాగుతుంది. మిగిలేది ఇది:

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297

ఇవన్నీ ఒకే అచ్చులో పోసినవి, రెండు ఘాతానికి మరో రెండు ఘాతాన్ని ఘాతాంకంగా పెట్టి ఒకటి కలిపినవి. వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. సున్న నుంచి లెక్కపెట్టడం ఆనవాయితీ, కాబట్టి 3 సున్నావ ఫెర్మా సంఖ్య, చివరిది ఐదోది. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఇలాంటివన్నీ ప్రధానాలే అయి ఉంటాయని పియెర్ ద ఫెర్మా 1640 నాటి ఉత్తరంలో నమ్మకంగా రాశాడు. రుజువు మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు.

దాదాపు తొంభై ఏళ్ల తరువాత గోల్డ్‌బాక్ ఈ మాటను ఆయిలర్ చెవిన వేశాడు. 1732 లో ఆయిలర్ ఐదో ఫెర్మా సంఖ్యను పగలగొట్టాడు: 641 × 67,00,417. దాంతో మన సంఖ్య ప్రధాన కారణాంకాలు ఆరు కాదు, ఏడు:

3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

ఒక్కటీ రెండోసారి రాలేదు కాబట్టి మొత్తం భాజకాలు 2⁷, అంటే 128.

641 ఎలా దొరికిందనేది ఈ సంఖ్య చరిత్రలో అన్నిటికన్నా రుచికరమైన ఘట్టం. ఒక ప్రధాన సంఖ్య 2³² + 1 ను భాగిస్తుందనుకుందాం. దానితో భాగించి శేషాలు చూస్తే 2³² కు శేషం −1 తో సమానం, 2⁶⁴ కు శేషం 1. అంటే రెండు ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకొకసారి తిరిగి మొదటికి వస్తాయి. ఫెర్మాయే కనిపెట్టిన చిన్న సిద్ధాంతం ప్రకారం అలాంటి చక్రం పొడవు, ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసివేయగా మిగిలినదాన్ని నిశ్శేషంగా భాగించాలి. కాబట్టి వెతకాల్సిన భాజకం 64 గుణిజానికి ఒకటి ఎక్కువ అయి తీరాలి. అలాంటి ప్రధానాలు వరుసగా 193, 257, 449, 577, 641. వీటిలో 257 ను పరీక్షించనే అక్కర్లేదు, ఎందుకంటే అది తానే ఒక ఫెర్మా సంఖ్య, ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు. మిగిలిన మూడూ విఫలమయ్యాక నాలుగోది పని చేస్తుంది. ఫెర్మా తన సొంత సిద్ధాంతాన్ని తన సొంత ఊహ మీద ప్రయోగించి ఉంటే నాలుగు భాగహారాల్లో తేలిపోయేది. ఎందుకు చేయలేదో, చేసి లెక్క తప్పాడో చెప్పడం కష్టం.

భాగహారం చేయకుండానే సరిచూసే దారి కూడా ఉంది. 641 అంటే 5 × 2⁷ + 1, అదే సమయంలో 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపం ప్రకారం 5 × 2⁷ కు శేషం −1, దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ కు శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³² కు శేషం 1, అంటే 2³² + 1 ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. రెండు పంక్తుల్లో ముగిసే ఇలాంటి రుజువులు అంకెల శాస్త్రంలో తరచుగా దొరకవు.

బహుభుజులు, మేరు ప్రస్తారం

1796 లో పందొమ్మిదేళ్లు నిండని గాస్, పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతో గీయవచ్చునని తేల్చాడు. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేరువేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం అయినప్పుడే గీయడం సాధ్యం. అలా ఉంటే గీయవచ్చునని గాస్, లేకపోతే గీయలేమని 1837 లో వాంట్‌జెల్ నిరూపించారు. తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఐదే. వాటిని రకరకాలుగా కలిపి గుణిస్తే 31 బేసి బహుభుజులు వస్తాయి. అన్నిటికన్నా పెద్దదానికి 4,29,49,67,295 భుజాలు, అంటే 2³² − 1. చదరంగం బల్ల మొదటి సగంలోని గింజలు ఎన్నో ఆ భుజాలు అన్ని. పూర్తి బల్ల సంఖ్యంత భుజాలున్న బహుభుజిని మాత్రం ఆ పరికరాలతో గీయలేం. కారణం 641.

పింగళుడి సూత్రాలకు పదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు మేరు ప్రస్తారాన్ని వివరించాడు. బడిపుస్తకాల్లో దానికి పాస్కల్ త్రిభుజమని పేరు. ప్రతి సంఖ్యా తనపైనున్న రెండింటి మొత్తం. ఇప్పుడు అందులోని బేసి సంఖ్యల స్థానంలో 1, సరి సంఖ్యల స్థానంలో 0 రాసి, ప్రతి వరుసనూ ద్విసంఖ్యామానంలో ఒక సంఖ్యగా చదవాలి. వచ్చేవి ఇవి: 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257... శిఖరంలోని 1 తరువాత వచ్చే 31 వరుసలు సరిగ్గా గాస్ బహుభుజుల భుజాలే. ముప్పై మూడో వరుసలో 4,29,49,67,297 వచ్చి ఆ పోలిక ఆగిపోతుంది. అరవై నాలుగో వరుసలో మాత్రం మరో వింత ఉంది. అందులో 64 సంఖ్యలూ బేసివే, ఒక్క సరి సంఖ్యా లేదు. దాన్ని చదివితే మన సంఖ్య వస్తుంది. శిఖరం నుంచి ఆ వరుస దాకా ఉన్న 64 వరుసల్లో ప్రతిదీ ఈ సంఖ్యకు భాజకమే. భాజకాలు 128 అని పైన చెప్పుకున్నాం కదా, సగం ఈ త్రిభుజంలోనే కనిపిస్తాయి. తక్కిన సగం 641 వల్ల పుట్టినవి.

ఇదే 641 ఇంకోచోట కూడా అడ్డుపడుతుంది. 3 కంటే చిన్నవైన సంఖ్యల్లో 3 తో ఉమ్మడి కారణాంకం లేనివి 2, అంటే 4 లో సగం. 15 కు అలాంటివి 8, అంటే 16 లో సగం. 255 కు 128, 65,535 కు 32,768, చివరకు 2³² − 1 కు 2³¹. వరుస అచ్చం నియమంలా నడుస్తుంది. 2⁶⁴ − 1 దగ్గర 2⁶³ రావాలి, కానీ రాదు, వెయ్యికి ఒకటిన్నర వంతు తగ్గుతుంది. ఐదుసార్లు నిజమైన సంగతిని నియమమనుకోకూడదని చెప్పడానికి గణిత ఉపాధ్యాయులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

చిన్నచిన్న ధర్మాలు కొన్ని. అంకెల మొత్తం 87, కాబట్టి 3 తో భాగింపబడుతుంది, 9 తో కాదు. 8 తో భాగిస్తే శేషం 7. అందువల్ల లెజాండ్రే సిద్ధాంతం ప్రకారం దీన్ని మూడు వర్గాల మొత్తంగా రాయడం అసాధ్యం, నాలుగు వర్గాలు తప్పనిసరి. ఎంత పెద్ద సంఖ్యకైనా నాలుగు చాలునని 1770 లో లగ్రాంజ్ నిరూపించాడు.

హనోయ్ గోపురం

ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్ లూకా 1883 లో మారుపేరుతో ఒక ఆటవస్తువును విడుదల చేశాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద పెద్దది అడుగునా చిన్నది పైనా ఉండేలా పేర్చిన బిళ్లలు. ఒకసారికి ఒక బిళ్లనే కదపాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు, గోపురమంతా మరో కడ్డీకి చేరాలి. ప్రచారం కోసం కాశీ దేవాలయంలో పూజారులు అరవై నాలుగు బంగారు బిళ్లలతో ఈ పని చేస్తున్నారనీ, అది పూర్తయిన రోజు ప్రళయమనీ ఒక కథ అల్లారు. కాశీలో అలాంటి గుడీ లేదు, అలాంటి ఐతిహ్యమూ లేదు. కథ పారిస్‌లో పుట్టింది. లెక్క మాత్రం నిజం.

ఒక బిళ్లకు ఒక కదలిక. కొత్తగా అడుగున ఒక బిళ్ల చేరితే, పైవన్నీ ఒకసారి తీసి, దాన్ని కదిపి, పైవన్నీ మళ్లీ పెట్టాలి. అంటే పాత లెక్కకు రెట్టింపు, ఆపైన ఒకటి. 1, 3, 7, 15 అంటూ పెరిగి అరవై నాలుగు బిళ్లలకు మన సంఖ్య దగ్గరికి వస్తుంది. అన్నిటికన్నా పెద్ద బిళ్ల ఒక్కసారే కదులుతుంది, దాని పైది రెండుసార్లు, ఆపైది నాలుగుసార్లు, చిట్టచివరి చిన్న బిళ్ల 2⁶³ సార్లు. గళ్లలో గింజలు ఎలా పడ్డాయో బిళ్లల వంతుకు కదలికలు అలాగే పడతాయి. ఎన్నో కదలికో ఆ సంఖ్యను ద్విసంఖ్యామానంలో రాస్తే చివర ఎన్ని సున్నలున్నాయో చూసి ఆ సమయంలో ఏ బిళ్ల కదలాలో చెప్పేయవచ్చు. క్షణానికొక కదలిక చొప్పున పని పూర్తవడానికి సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు.

కంప్యూటర్‌లో

ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్య వరుసగా అరవై నాలుగు ఒకట్లు. ఇప్పటి ప్రాసెసర్లు ఒక్క ఊపులో 64 బిట్లను పట్టుకుంటాయి కనుక, రుణ సంఖ్యలకు చోటు వదలకపోతే అలాంటి గడిలో పట్టే గరిష్ఠ పూర్ణాంకం ఇదే. దానికి ఒకటి కలిపితే బిట్లన్నీ పొర్లిపోయి సున్న మిగులుతుంది. ఒకటి కలిపితే సున్న అయ్యే సంఖ్య −1 కాబట్టి, రుణ సంఖ్యలు కూడా కావాలన్నప్పుడు యంత్రం ఇవే అరవై నాలుగు ఒకట్లను −1 గా చదువుతుంది. గడిలో రాసింది ఒకటే, అది అన్నిటికన్నా పెద్ద సంఖ్యా లేక −1 ఆ అన్నది చదివే ప్రోగ్రామును బట్టి ఉంటుంది. ప్రోగ్రామర్లకు అర్ధరాత్రి నిద్ర చెడగొట్టే తప్పుల్లో ఇదొకటి.

చదరంగం ఆడే ప్రోగ్రాములకు ఈ ఇరుకు వరంగా మారింది. గళ్లు అరవై నాలుగు, బిట్లూ అరవై నాలుగు. తెల్ల బంట్లు ఏ గళ్లలో ఉన్నాయో ఆ బిట్లను 1 చేస్తే బల్ల మీది పరిస్థితి ఒక్క సంఖ్యలో ఇమిడిపోతుంది. ఈ పద్ధతిని బిట్‌బోర్డ్ అంటారు. సోవియట్ దేశపు కాయిస్సా వంటి తొలితరం ప్రోగ్రాములు దీన్ని వాడాయి. ఈ భాషలో మన సంఖ్యకు అర్థం అన్ని గళ్లూ నిండిన బల్ల. దీన్ని మొదటి అడ్డవరుస గింజల మొత్తమైన 255 తో భాగిస్తే 72,34,01,72,83,80,76,673 నిశ్శేషంగా వస్తుంది. ద్విసంఖ్యామానంలో అది ప్రతి ఎనిమిది బిట్లకూ ఒకే ఒక 1, అంటే బల్ల మీద ఒక నిలువు వరుస.

ఇక్కడ ఫెర్మా సంఖ్యలు మళ్లీ ఎదురవుతాయి. ఒక 64 బిట్ల సంఖ్యలో ఒకట్లు ఎన్ని ఉన్నాయో లెక్కించడానికి ప్రోగ్రామర్లు పేరుపొందిన ఒక చిట్కా వాడతారు. ముందు బిట్లను జంటలుగా, తరువాత నాలుగేసి చొప్పున, తరువాత ఎనిమిదేసి చొప్పున కూడతారు, చివరికి ఒక గుణకారంతో మొత్తం రాబడతారు. ఆ దశల్లో వాడే స్థిరాంకాలు వరుసగా మన సంఖ్యను 3 తో, 5 తో, 17 తో, చివరికి వాటి లబ్ధమైన 255 తో భాగించగా వచ్చినవే. వాటిని పదహారు ఆధారంగా రాసుకుని కంఠస్థం చేసేవాళ్లలో చాలామందికి ఈ చుట్టరికం తట్టకపోవచ్చు.

సాధారణ సాఫ్ట్‌వేర్‌లో ఈ సంఖ్యను టైపు చేసి చూడడం ఒక పాఠం. డబుల్ రకం దశాంశ సంఖ్యలు 53 బిట్ల వరకే కచ్చితం. అందుకే జావాస్క్రిప్ట్ దీన్ని 18446744073709552000 అని చూపిస్తుంది. పదిహేను అంకెలను మాత్రమే నిలుపుకునే ఎక్సెల్ చివరి ఐదు అంకెలను సున్నలు చేసేస్తుంది. మల్లన పద్యంలో భద్రంగా ఉన్న అంకెలు స్ప్రెడ్‌షీట్‌లో నిలవవు.

ఈ సంఖ్యంత పనికి మనుషులు నిజంగా పూనుకున్న సందర్భం కూడా ఒకటుంది. 64 బిట్ల కీతో మూసిన ఆర్‌సీ5 సంకేతాన్ని విప్పే పోటీలో డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ అనే స్వచ్ఛంద బృందం 1997 లో దిగింది. సాధ్యమైన కీలు 2⁶⁴. మూడు లక్షలకు పైగా మంది తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని ఇచ్చారు. 1,757 రోజుల తరువాత, 2002 జూలై 14 న, అసలు కీ దొరికింది. అప్పటికి మొత్తం కీలలో దాదాపు 83 శాతం పరీక్షించారు. పూజారులు ఒక్కొక్క బిళ్లే కదపాలి, ఈ పనిని మాత్రం లక్షల చేతులకు పంచిపెట్టవచ్చు. తేడా అంతా అక్కడే ఉంది. ఆ తరువాత 64 బిట్ల కీని గట్టి తాళంగా ఎవరూ లెక్కచేయలేదు.

ఇరుగుపొరుగు

దీనికి ఒకటి కలిపితే రెండు ఘాతం, రెండు కలిపితే ఆరో ఫెర్మా సంఖ్య. అది ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది: ఒక ఫెర్మా సంఖ్యకు ముందున్నవన్నీ గుణించి రెండు కలిపితే ఆ సంఖ్య వస్తుంది. ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేకపోవడానికి కారణం ఇదే. ఆరోదాన్ని 1880 లో ఫోర్చునే లాండ్రీ ఎనభై రెండేళ్ల వయసులో విడదీశాడు: 2,74,177 × 6,72,80,42,13,10,721. క్లాజెన్ అనే మరో గణితజ్ఞుడు 1855 లోనే ఈ ఫలితాన్ని గాస్‌కు ఉత్తరంలో తెలియజేశాడని తరువాత బయటపడింది. మన సంఖ్యను ఈ ఆరో ఫెర్మా సంఖ్యతో గుణిస్తే 2¹²⁸ − 1, ముప్పై తొమ్మిది అంకెలది, తొమ్మిది ప్రధాన కారణాంకాలది.

ఏడోదాన్ని 1970 లో మోరిసన్, బ్రిల్‌హార్ట్, ఎనిమిదోదాన్ని 1980 లో బ్రెంట్, పొలార్డ్ విడదీశారు. ఇప్పటికి పదకొండోదాని దాకా పూర్తిగా విడదీశారు. ఐదు నుంచి ముప్పై రెండు దాకా ఉన్నవన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది. అయినా ఇరవయ్యోదానికి, ఇరవై నాలుగోదానికి ఒక్క కారణాంకమూ ఇంతవరకు దొరకలేదు. అవి విడిపోతాయని రుజువుంది, ఎక్కడ విడిపోతాయో తెలియదు. 258 కోట్లకు పైగా అంకెలున్న ముప్పై మూడో ఫెర్మా సంఖ్య ప్రధానమా కాదా అన్నది ఇంకా తేలలేదు.